చేసిన మంచికి పేరు కోరుకోవచ్చా? బడిలో భోజనాల షెడ్డు శిలాఫలకం గురించి మీ సలహా కావాలి

కాలువగట్టు (కోనసీమ):

అందరికీ నమస్కారం. ఒక విషయంలో నలుగురి మాట వినాలని రాస్తున్నాను.

మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో 1996లో టెన్త్ చదివినవాళ్లం కలిసి పిల్లలకు భోజనాల షెడ్డు కట్టిస్తున్నాం. ఇన్నాళ్లూ వాళ్లు వరండాలోనో వేపచెట్టు కిందో కూర్చుని తిన్నారు. వాన పడిందంటే కంచం పట్టుకుని క్లాసులోకి పరుగే. ఇప్పుడు రేకులు పడ్డాయి, అరుగులు పూర్తయ్యాయి, చేతులు కడుక్కునే కుళాయిల వరస ఒక్కటే మిగిలింది. డబ్బుల దగ్గర ఎవరూ ఎవర్నీ ఒక్క మాట అనలేదు. శిలాఫలకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం గ్రూపు చీలిపోయింది.

ఎవరెంత ఇచ్చారో అంకెతో సహా చెక్కించాలి, ఎక్కువ ఇచ్చినవాళ్లు పైన ఉండాలి అని కొందరు. అసలు పేర్లే వద్దు, '1996 బ్యాచ్' అని రాస్తే చాలు అని కొందరు. సగం ఖర్చు ఒక్కడే పెట్టుకున్న మా స్నేహితుడు అమెరికాలో ఉంటాడు. షెడ్డుకు వాళ్లమ్మ పేరు పెట్టాలని అడుగుతున్నాడు. ఇవి చాలవన్నట్టు ఫలకం పైభాగాన ప్రజాప్రతినిధుల పేర్లు, పదవులు ఉండాలని ఊళ్లోంచి ఒత్తిడి.

పేరు వేసుకుంటే తప్పేముంది అని నా అభిప్రాయం. పది వేలు ఇచ్చిన మావాడొకడు ఆటో నడుపుతాడు. వాడు తన కూతుర్ని తీసుకొచ్చి ఆ పేరు చూపించుకుంటే ఎవరికి నష్టం? అయినా వద్దంటున్నవాళ్ల మాట కొట్టిపారేయబుద్ధి కావడం లేదు. మీరేమంటారు?

పాత_హెడ్మాస్టరు (తెనాలి):

బాబూ, ముందుగా మీ బ్యాచ్ అందరికీ నా ఆశీస్సులు. సర్కారు బడిని గుర్తుపెట్టుకున్నారు, అది చాలా పెద్ద మాట.

పేర్ల సంగతికొస్తే నా ఓటు 'వద్దు'కే. గీత పదిహేడో అధ్యాయంలో దానాన్ని మూడు రకాలుగా చెప్పాడు. తిరిగి మనకేమీ చెయ్యలేనివాడికి, ఇవ్వడం నా ధర్మం అనుకుని ఇచ్చేది సాత్వికం. ఏదో ఒక ఫలం ఆశించి, లోపల కష్టపడుతూ ఇచ్చేది రాజసం. పేరు కూడా ఫలమే కదా. శిలాఫలకం మీద ఎవరు పైన, ఎవరు కింద అని మీరు వాదించుకుంటున్నారంటేనే ఆ ఫలం మీ చేతికి వచ్చేసిందన్నమాట.

నేను పనిచేసిన బళ్లలో చూశాను. ఫ్యాను రెక్క మీద దాత పేరు, బెంచీ వీపు మీద దాత పేరు, బీరువా తలుపు మీద రెండడుగుల అక్షరాలతో దాత పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు. గుళ్లో ట్యూబులైటు మీద నల్లరంగుతో ఎంత పొడుగు పేరు రాస్తారంటే, సగం వెలుగు ఆ పేరు కిందే ఆగిపోతుంది. పిల్లలు రోజూ వాటిని చదువుతూ పెరుగుతారు. ఇచ్చినవాడు పేరు రాసుకోవాలి, రాసుకోడానికే ఇవ్వాలి అని వాళ్లకు మనం చెప్పకుండానే నేర్పేస్తున్నాం. పాఠ్యపుస్తకంలో ఏ పాఠం పెట్టినా దాన్ని చెరపలేం.

నల్లరాయి (ప్రకాశం జిల్లా):

నేను శిలాఫలకాలు చెక్కే పనిలో ఉన్నాను. మా నాన్న ఉలితో చెక్కేవారు. ఇప్పుడు కంప్యూటర్లో అక్షరాలు కత్తిరించిన స్టిక్కరు రాయికి అంటించి, ఇసుకను గాలితో కొట్టి తొలుస్తాం. తర్వాత ఆ గుంటల్లో రంగు నింపుతాం.

కాలువగట్టు గారూ, మీరు ఎటు తేల్చుకున్నా రెండు విషయాలు చెప్తాను. అక్షరం మరీ చిన్నదైతే వత్తులు నిలబడవు. స్టిక్కరు మీద 'క్ష్మి' కింద ఉండే చిన్న ముక్క ఊడిపోతే లక్ష్మి గారి పేరు ఇంకేదో అవుతుంది. అందుకని ఒకే రాయి మీద మరీ ఎక్కువ పేర్లు ఇరికించకండి. రెండోది, పైన పదవుల పేర్లు మొదలుపెడితే ఆగవు. ఫలానా గౌరవనీయులు, ఫలానా అధ్యక్షులు, ఫలానా సభ్యులు అని ముప్పాతిక రాయి వాళ్లకే పోతుంది. డబ్బులిచ్చినవాళ్లు అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో మిగులుతారు. అలాంటి రాళ్లు నా చేతుల మీదుగా చాలా వెళ్లాయి. ఇచ్చినవాళ్లు వచ్చి, రాయి చూసి, మాట్లాడకుండా వెళ్లిపోతుంటే నాకే కష్టంగా ఉండేది.

పేరు అక్కర్లేదని మాస్టారు అంటున్నారు. కానీ నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది తమ పేరు కోసం రారు మాస్టారూ. చనిపోయిన నాన్న పేరో, చిన్నప్పుడే పోయిన బిడ్డ పేరో తెస్తారు. కాగితం మీద ఆ పేరు రాసిచ్చేటప్పుడు వాళ్ల మొహం చూసినవాణ్ణి, దాన్ని గొప్పల కోసం అనలేను.

శాసనం (గుంటూరు):

నేను కాలేజీలో చరిత్ర చెప్తాను. పేరు చెక్కించుకోవడాన్ని అహంకారం కింద కొట్టేస్తే మన చరిత్రలో సగం ఉండదు.

అమరావతి స్తూపం రాళ్ల మీద దానమిచ్చినవాళ్ల పేర్లు ప్రాకృతంలో ఉన్నాయి. రాజులవే కాదు. భిక్షుణులున్నారు, వ్యాపారులున్నారు, గృహిణులున్నారు. వాటిలో ఒకటి విధికుడు అనే చర్మకారుడిది. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు, చుట్టాలు, స్నేహితులతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను ఇచ్చానని రాయించుకున్నాడు. సుమారు 1800 ఏళ్ల కిందటి మాట. తోలుపని చేసే మనిషి కృష్ణ ఒడ్డున ఆ మహాచైత్యానికి రాయి ఇవ్వగలిగాడని, అక్కడ అతని పేరుకు చోటు దొరికిందని మనకు ఎలా తెలిసింది? అతను పేరు వేయించుకున్నాడు కనక. వద్దనుకుని ఉంటే ఆ పలక కూడా ఏ రాజు ఖాతాలోనో పడిపోయేది.

ఇంకొక సంగతి. ద్రాక్షారామ భీమేశ్వరాలయంలో వందల శాసనాలున్నాయి. ఎక్కువ భాగం అఖండ దీపాలకిచ్చిన దానాలే. ఫలానావారు దీపం కోసం ఇన్ని గొర్రెలో ఆవులో ఇచ్చారు, వాటిని ఫలానా బోయడు తీసుకున్నాడు, అతను, అతని సంతానం రోజుకు మానెడు నెయ్యి పోయాలి అని ఉంటుంది. గమనించండి, ఇచ్చినవాడి పేరూ ఉంది, ఒప్పుకున్నవాడి పేరూ ఉంది, కొలతా ఉంది. అది పొగడ్త కాదు, అందరి కళ్లముందు రాసుకున్న కరారునామా. చివర్లో, ఇచ్చిన దానాన్ని అపహరించినవాడు అరవై వేల ఏళ్లు పురుగై పుడతాడని శాపం కూడా పెట్టేవాళ్లు. దానం నిలబడాలంటే పేరు, షరతు రెండూ రాయి మీద ఉండాలని వాళ్లకు తెలుసు.

పోతన గారి బలి చక్రవర్తి కూడా గురువుకు జవాబు చెప్తూ శిబి మొదలైనవాళ్లు 'యశఃకాములై' ఇచ్చారనే అంటాడు. కీర్తి కోరి ఇచ్చారు, అయినా వాళ్లను జనం మరిచిపోయారా అని అడుగుతాడు. కీర్తి కోరడం పాపమని ఆయనకు తోచలేదు.

పాత_హెడ్మాస్టరు (తెనాలి):

శాసనం గారూ, విధికుడి సంగతి నాకు తెలియదు. చెప్పినందుకు సంతోషం. చోటు దొరకనివాడు పేరు చెక్కించుకోవడం వేరు అని ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడు ఫలకాల మీద పేర్లు వేయించుకుంటున్నది ఎవరు? ఊళ్లో అప్పటికే అందరికీ తెలిసినవాళ్లే. బలి మాటకొస్తే, ఆయన ఆ పద్యం చెప్పిన తర్వాత ఇచ్చింది ఆయనకున్నదంతా. మన పేచీ పది వేలకు ఎంత సైజు అక్షరం అని.

ఓరుగల్లు_కోట (హన్మకొండ):

మీరందరు ఇచ్చెటోళ్ల గురించే మాట్లాడుతున్నరు. నేను తీసుకున్నోన్ని. సంక్షేమ హాస్టల్ల చదువుకున్న.

నేను ఎనిమిదిల ఉన్నప్పుడు ఒక సంఘమోళ్లు దుప్పట్లు పంచుడానికొచ్చిన్రు. చలికాలం. పొద్దుగాల ఎనిమిదికే మమ్ముల మైదానంల నిలబెట్టిన్రు. పెద్దాయన వచ్చేసరికి పదకొండు దాటింది. ఒక్కొక్కన్ని పిలిచి దుప్పటి చేతుల పెట్టుడు, ఇటు అంచు ఆయన, అటు అంచు నేను పట్టుకొని కెమెరా దిక్కు చూసుడు. ఫోటో మంచిగ రాలేదని నన్ను రెండోసారి పిలిచిన్రు. నవ్వమన్నరు. తెల్లారి పేపర్ల 'నిరుపేద విద్యార్థులకు' అని పడ్డది. మా క్లాసుల డే స్కాలర్లు ఆ పేపరు పట్టుకొచ్చి డెస్కు మీద పెట్టిన్రు. దుప్పటి మంచిదే, ఇంటర్ దాంక కప్పుకున్న. దాని మీద నాకు ఏ కోపం లేదు. ఆ ఫోటో మీద మాత్రం ఇప్పటికీ ఉన్నది.

ఇచ్చినాయన పేరు గోడ మీద ఎంత పెద్దగ రాసుకున్నా నాకేం నొప్పి లేకుండె అన్నా. నా మొఖం ఎందుకు కావాలె ఆయన పేరుకు? కాలువగట్టు అన్నా, శిలాఫలకం పెట్టుకోండ్రి, పేర్లు రాసుకోండ్రి. షెడ్డు ఓపెనింగ్ నాడు మాత్రం పిల్లల్ని కంచాలతోని వరుసల కూసోబెట్టి, మీరు గరిటె పట్టుకొని ఫోటోలు దిగకుండ్రి. పేరు వద్దా కావాల్నా అన్న ముచ్చటకంటె నాకు ఇదే పెద్దది.

కాలువగట్టు (కోనసీమ):

అన్నా, ఓపెనింగ్‌కి సరిగ్గా అదే ప్లాను వేసుకున్నాం. పిల్లలకు వడ్డిస్తూ వీడియో, డ్రోన్ షాటు అన్నీ. ఇప్పుడే గ్రూపులో మీ పోస్టు పెట్టాను. ఫోటోగ్రాఫర్‌ని వద్దనేశాం. షెడ్డు ఫోటో పిల్లలు లేనప్పుడు తీసుకుంటాం.

లంకల_అక్క (పి.గన్నవరం):

హన్మకొండ తమ్ముడు ఫోటో మాట ఎత్తాడు కాబట్టి చెప్తాను. మాది డొక్కా సీతమ్మ గారు మెట్టిన ప్రాంతం. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలిగా వచ్చి, 1909లో పోయేదాకా ఆకలన్నవాళ్లకు అన్నం పెడుతూనే ఉన్నారు. గోదావరి పాయలు దాటి పోయే బాటసారికి అప్పట్లో హోటళ్లా, బస్సులా? పొద్దుపోయాక తలుపు తట్టినా పొయ్యి మళ్లీ వెలిగించేవారని మా ఇళ్లల్లో చెప్పుకుంటారు.

ఆవిడ పేరు లండన్ దాకా పోయింది. ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేక ఉత్సవాల సమయంలో ఆవిడ ఫోటో కావాలని అక్కణ్ణుంచి కబురొచ్చిందని, పేరు కోసం చేస్తున్న పని కాదని ఆవిడ ఒప్పుకోలేదని, ఫోటో పంపకపోతే తన ఉద్యోగం పోతుందని అధికారి బతిమాలుకుంటే అప్పుడు ఊఁ అన్నారని ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెప్తారు. ఆ ఫోటోయే ఇవాళ మనందరం చూస్తున్నది.

ఆవిడ కోరుకోలేదు, నిజమే. కానీ ఆ అధికారి ఆ ఫోటో తీయించకపోతే? ఇక్కడి కొత్త అక్విడక్టుకు, అంటే గోదావరి పాయ మీదుగా కాలువను దాటించే వంతెనకు, ఆవిడ పేరుంది. 2024 నుంచి రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమే ఆవిడ పేరు మీద నడుస్తోంది. కాలువగట్టు గారు కట్టిస్తున్న షెడ్డులో పిల్లలు తినబోయేది ఆ పథకం అన్నమే. చేసినవాళ్లు అడగకూడదు, చుట్టూ ఉన్నవాళ్లు దాచకూడదు. ఈ రెండూ కలిపి చూడాలని నా మనవి.

రాయలసీమ నుంచి ఎవరైనా ఉంటే బుడ్డా వెంగళరెడ్డి గారి గురించి కూడా చెప్పండి.

కుందూ_తీరం (నంద్యాల):

చెప్తానక్కా. 1866 కరువు నాడు ఉయ్యాలవాడలో వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి గంజి కాయించినాడు. చుట్టుపక్కల ఊర్లోళ్లు పిల్లాజెల్లాతో వచ్చి అక్కడే పడుండి ప్రాణాలు నిలబెట్టుకున్నారు. విక్టోరియా రాణి నుంచి బంగారు పతకం వచ్చింది. ఆ పతకం ఎట్లుంటాదో మా ఊర్లో చూసినోళ్లు లేరు. ఆయన మీద కట్టిన పాట మాత్రం మా జేజి పాడేది, వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్నెంట. గంజి తాగినోళ్ల మనవళ్లు పాడుకున్న పాట అది. పేరంటే నా లెక్కన అదీ, తిన్నోళ్లు చెప్పాల.

రక్తనిధి_సిస్టర్ (విశాఖ):

నేను బ్లడ్ బ్యాంకులో కౌన్సెలర్ని. మా దగ్గర ఈ ప్రశ్న రోజూ వచ్చేదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మన దేశంలో రక్తం అమ్ముకునే పద్ధతిని 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆపించింది. 1998 జనవరి 1 నుంచి డబ్బు తీసుకుని రక్తం ఇవ్వడం నిషేధం. అంటే దాతకు మేం ఇవ్వగలిగింది ఒక పండు రసం, బిస్కెట్లు, ఒక సర్టిఫికెట్, ఒక నమస్కారం. ఆ సర్టిఫికెట్ మీద పేరు తప్పు పడితే వెనక్కి తెచ్చి దిద్దించుకుని వెళ్తారు. యాభైసార్లు ఇచ్చినవాళ్లను అక్టోబరు 1న, అంటే స్వచ్ఛంద రక్తదాన దినం నాడు, వేదిక మీదికి పిలిస్తే ఇంటిల్లిపాదీ వస్తారు. వాళ్లది రాజస దానం అనడానికి నాకు నోరు రాదు మాస్టారూ. తలసేమియా పిల్లలకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఒకసారి మనసు కరిగి ఇచ్చి వెళ్లిపోయినవాళ్ల కన్నా, ఎండాకాలం కాలేజీలు మూసేసి శిబిరాలు లేనప్పుడు ఫోన్ చేస్తే వచ్చేవాళ్లు మాకు ముఖ్యం. మగవాళ్లు 90 రోజులకు, ఆడవాళ్లు 120 రోజులకు మళ్లీ ఇవ్వచ్చు. ఆ 'మళ్లీ' రప్పించడానికి గుర్తింపు పనికొస్తుంది.

ఇటలీలో ఒక పట్టణంలో రక్తదాతల మీద చేసిన పరిశీలన 2010లో వచ్చింది. ఇన్నిసార్లు ఇస్తే ఫలానా పతకం అని అక్కడ ఉంటుంది. పతకానికి దగ్గర పడేకొద్దీ దాతలు తొందరగా వచ్చి ఇస్తున్నారు. అదీ అన్ని పతకాలకూ కాదు, పేరు స్థానిక పత్రికలో వేసి సభలో ఇచ్చే వాటికే. చాటుగా చేతిలో పెట్టే వాటికి ఆ కదలిక లేదు. దీనికి ముందు 2008లో స్వీడన్లోని గోథెన్‌బర్గ్‌లో ఇంకొకటి చేశారు. డబ్బు ఇస్తామంటే ముందుకొచ్చే ఆడవాళ్ల సంఖ్య బాగా తగ్గింది. కావాలంటే ఆ డబ్బు ధర్మకార్యానికి ఇచ్చేయొచ్చు అనగానే మళ్లీ మామూలుకు వచ్చింది. చేసే మంచికి ఎవరైనా ధర కడితే మనిషికి నచ్చదు. ఎవరైనా గమనిస్తే నచ్చుతుంది. నేను మా దాతల్లో చూసేది కూడా అదే.

ఒక్కటి మాత్రం మేం గట్టిగా పాటిస్తాం. రక్తం ఎవరికెళ్లిందో దాతకు చెప్పం. కొందరు పట్టుబడతారు, ఆ పాపను ఒకసారి చూస్తాం, ఒక ఫోటో అంటారు. ఎంత మంచివాళ్లడిగినా కుదరదంటాం. ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ కింద అవయవాలు ఇచ్చినప్పుడు కూడా అంతే, ఎవరి గుండె ఎవరికి వెళ్లిందో బయటికి రాకూడదు. అదే సమయంలో దాత కుటుంబాన్ని మాత్రం ఊరంతా గౌరవించాలి. తమిళనాడు 2023లో అవయవదాతల అంత్యక్రియలు ప్రభుత్వ లాంఛనాలతో జరుపుతామని ప్రకటించింది. ఇచ్చినవాళ్ల పేరు బయట, తీసుకున్నవాళ్ల పేరు లోపల. ఓరుగల్లు తమ్ముడు చెప్పినదానికి ఇది చాలా దగ్గర.

హైవే_పక్క_కొట్టు (సూర్యాపేట):

నాది జాతీయ రహదారి పక్కన టీ కొట్టు. యాక్సిడెంట్లు చూస్తనే ఉంటం. పదేండ్ల కింద దాంక ఎవరన్న పడిపోతె దగ్గరికి పోవాల్నంటె భయం. పోలీసులు స్టేషన్‌కు తిప్పుతరు, దవఖానల పైసలు కట్టమంటరు అని. 2016ల సుప్రీంకోర్టు చెప్పినంక, 2019ల చట్టం మారినంక ఆ భయం పోవాలె. మోటారు వాహనాల చట్టంల 134ఏ అని సెక్షన్ వచ్చింది. దవఖానకు తీసుకపోయినోని మీద కేసు పెట్టరాదు, పేరు చెప్పుమని బలవంతం చెయ్యరాదు.

అదే సర్కారు 2021ల స్కీమ్ పెట్టింది, గోల్డెన్ అవర్‌ల, అంటె దెబ్బ తగిలినంక మొదటి గంటల, దవఖానకు చేర్చినోనికి 5,000 రూపాయలు. 2025ల దాన్ని 25,000 చేసిన్రు. అంటె పేరు దాచుకునే హక్కు ఉన్నది, పేరు చెప్పి బహుమతి తీసుకునే హక్కూ ఉన్నది. ఎవరి ఇష్టం వాళ్లది. నాకు ఇది సక్కగ అనిపిస్తది.

మా దగ్గర ఒక లారీ క్లీనర్ పిలగాడు ఒకామెను ఆటోల ఏసుకొని దవఖానకు తీసుకపోయిండు. పేరు చెప్పకుండనే పోయిండు, ఎవలో ఏందో. మంచోడే. కానీ గా పిలగాని పేరు నలుగురికి తెలిస్తె, కలెక్టర్ ఆఫీసుల శాలువ కప్పితె, మా రోడ్డు మీద ఇంకో పదిమందికి ధైర్యమొచ్చేది, ఏం కాదు తీసుకపోవచ్చు అని. ఇప్పటికీ సగం మందికి ఆ చట్టమే తెల్వది. చూసుకుంట నిలబడతరు, వీడియో తీస్తరు.

పద్దుల_పుస్తకం (హైదరాబాద్):

వృత్తిరీత్యా ఆడిటర్‌ని. ఒక ఆచరణ విషయం. మీరు ట్రస్టుగానో సొసైటీగానో రిజిస్టరైతే 'పేరు లేకుండా ఇస్తాను' అనేది గోడ మీద చెల్లుతుంది, పుస్తకంలో చెల్లదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 115బిబిసి సెక్షన్ పెట్టింది అందుకే. ఎవరిచ్చారో వివరాలు లేని విరాళం ఒక పరిమితి దాటితే దాని మీద 30 శాతం పన్ను. మొత్తం విరాళాల్లో 5 శాతం, లక్ష రూపాయలు, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే అంతవరకే మినహాయింపు. పూర్తిగా మతపరమైన సంస్థలకు ఈ నిబంధన లేదు, గుడి హుండీలో ఎవరేశారో ఎవరూ రాయలేరు కనక. ఇచ్చిన విరాళం మీద దాతకు పన్ను మినహాయింపు రావాలన్నా నగదు రూపంలో 2,000 దాటకూడదు.

నా ఉద్దేశంలో పేరు రాయడంలో మొదటి ప్రయోజనం లెక్క తేలడం. తిరుమల నిత్యాన్నదానం సంగతే తీసుకోండి, 1985లో మొదలైంది. ఒకరోజు ఖర్చంతా భరించాలంటే ఇప్పుడు 44 లక్షలు. ఆ రోజు తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో దాత పేరు తెర మీద కనిపిస్తుంది. మర్నాడు ఇంకొకరి పేరు. అక్కడ కూర్చుని తింటున్న భక్తుడెవరో దాతకు తెలియదు, భక్తుడికి దాత మొహం తెలియదు. నాకు ఆ ఏర్పాటులో తప్పు కనిపించదు.

చార్మినార్_చాయ్ (హైదరాబాద్):

మా ఇంట్లో రంజాన్ నెలలో జకాత్ ఇచ్చేటప్పుడు అబ్బా కవర్లో పెట్టి, పిల్లల చేత కాకుండా తనే చీకటి పడ్డాక వెళ్లి ఇచ్చొచ్చేవారు. కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని హదీసు. బైబిల్లో మత్తయి సువార్త ఆరో అధ్యాయంలోనూ దాదాపు ఇదే మాట ఉందని మా క్రైస్తవ మిత్రుడు చెప్పాడు. అయితే ఖురాన్ రెండో సూరా 271వ వాక్యంలో ఇంకో మాట కూడా ఉంది: దానాలు బహిరంగంగా చేస్తే అదీ మంచిదే, దాచి పేదలకు చేరిస్తే అది మీకు ఇంకా మేలు. బహిరంగాన్ని తప్పనలేదు. మనిషి చేతికి ఇచ్చేది గుట్టుగా, ఊరికి కట్టించేది బాహాటంగా అని మా అబ్బా అర్థం చేసుకున్నారు. వీధిలో బావి తవ్వించినప్పుడు దాదీ పేరు రాయించారు. మీ స్నేహితుడు అమ్మ పేరు అడగడం నాకు చాలా సహజంగా ఉంది కాలువగట్టు భాయ్.

పాత_హెడ్మాస్టరు (తెనాలి):

అందరివీ చదివాను. రక్తదానం సిస్టర్ చెప్పింది, టీ కొట్టాయన చెప్పింది నాకు నచ్చాయి. అవి పదిమందిని కదిలించడానికి. చిన్నవయసువాళ్లకు, కష్టపడి సంపాదించినవాళ్లకు ఒక భుజం తట్టు కావాలి, కాదనను. పిల్లాడు లెక్క సరిగ్గా చేస్తే 'శభాష్' అనకుండా నేనెప్పుడూ ఉండలేదు.

కానీ మొత్తాలు చెక్కించడం మాత్రం వద్దు. ఆ షెడ్డులో తినే పిల్లల్లో మీ బ్యాచ్‌వాళ్ల పిల్లలూ ఉంటారు. ఒకడి తండ్రి పేరు పైన లక్ష, ఇంకొకడి తండ్రి పేరు కింద రెండు వేలు. కంచం ముందు కూర్చున్న పదేళ్లవాడు అది రోజూ చదవాలా? అదే వాడికి మొదటి అవమానం అవుతుంది. ఆటో నడిపే మీ స్నేహితుడి కూతురికి తండ్రి పేరు చూపించుకోవాలన్నారు. పక్కన అంకె ఉంటే అదే పేరు చూపించుకోడానికి సిగ్గుపడుతుంది.

ఓరుగల్లు_కోట (హన్మకొండ):

సార్, ఈ మాటకు వంద దండాలు.

కాలువగట్టు (కోనసీమ):

మాస్టారూ, మీ పోస్టు చదివి మొత్తాలు అడిగినవాళ్లు కూడా వెనక్కి తగ్గారు. 

రాత్రి అమెరికా స్నేహితుడితో చాలాసేపు మాట్లాడాను. అమ్మ పేరు ఎందుకురా, నీ పేరు పెట్టుకో అన్నాను. వాడు చెప్పింది విన్నాక ఇక్కడ రాయాలనిపించింది. మా రాష్ట్రంలో హైస్కూళ్లలో కూడా వండిన అన్నం పెట్టడం మొదలైనప్పుడు మా స్కూల్లో వంటకు చేరింది వాళ్లమ్మగారే. డ్వాక్రా గ్రూపు తరఫున. గది లేదు, మూడు రాళ్ల పొయ్యి, కొబ్బరి మట్టలు. వానొస్తే గోనెసంచి నెత్తిన వేసుకుని పొయ్యి ఆరకుండా కాసేవారట. బిల్లులు నెలల తరబడి ఆలస్యమైతే కొట్లో సరుకులు అప్పు తెచ్చి వండారు. చాలా ఏళ్లు ఆ పనికి ఇచ్చింది నెలకు వెయ్యి రూపాయలు. వీడు అప్పటికే ఉద్యోగంలో ఉన్నాడు, మానెయ్యమంటే మానలేదు. 'పిల్లలు మధ్యాహ్నం నా మొహం చూస్తారురా' అన్నారట. పోయిన ఏడాది ఆవిడ పోయారు. ఆ బడిలో ఏ కాగితం మీదా ఆవిడ పేరు లేదు. హాజరు పట్టీలో టీచర్లుంటారు, పిల్లలుంటారు, వంటావిడ ఎక్కడా ఉండదు.

వాడి పేరు ఎక్కడా వెయ్యొద్దన్నాడు. సగం డబ్బు ఇచ్చినవాడు పేర్ల వరసలో కూడా ఉండనంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

లంకల_అక్క (పి.గన్నవరం):

పేరు పెట్టండి. అడగకండి ఇంకెవర్నీ. పథకానికి సీతమ్మ గారి పేరు ఉన్నప్పుడు షెడ్డుకు ఆ తల్లి పేరు ఉంటే తప్పేముంది? ఇద్దరూ చేసింది ఒకటే పని.

శాసనం (గుంటూరు):

'వంట చేసిన' అని కూడా చెక్కించండి. ఉత్త పేరు వేస్తే యాభై ఏళ్ల తర్వాత ఆవిడ ఏ జమీందారు భార్యో అనుకుంటారు. విధికుడి శాసనంలో చర్మకారుడు అని ఉంది కాబట్టే మనకు విలువ తెలిసింది. ఎన్ని సంవత్సరాలు వండారో కూడా వెయ్యండి.

పాత_హెడ్మాస్టరు (తెనాలి):

ఆ తల్లి పేరు తప్పకుండా ఉండాలి. ఆవిడ ఇచ్చింది డబ్బు కాదు, పేరు అడగలేదు, అడగడానికి ఆవిడకు ఎవరూ అవకాశం కూడా ఇవ్వలేదు. అబ్బాయి పేరు విషయంలో అతని మాట గౌరవించండి. మిగిలినవాళ్లవి అక్షరక్రమంలో వేసుకోండి. నా అభిప్రాయం ఇప్పటికీ పేర్లు లేకపోతేనే మేలు అని. కానీ మీ అందరూ కలిసి ఒప్పుకున్నది ఇదైతే దానికి అడ్డం రాను.

పద్దుల_పుస్తకం (హైదరాబాద్):

షెడ్డు నిర్వహణ ఎవరిదో తేల్చారా? రేకులు, కుళాయిలు, మోటారు. ఓపెనింగ్ అయ్యాక రెండో ఏడాదికి కుళాయి పిడులు ఊడిపోతాయి. శాసనం గారు చెప్పిన ద్రాక్షారామం పద్ధతి నాకు నచ్చింది, ఇచ్చినవాళ్లతోపాటు చూసుకుంటామని ఒప్పుకున్నవాళ్ల పేర్లు కూడా రాయి మీద ఉండాలి.

కాలువగట్టు (కోనసీమ):

ఈ మాట గ్రూపులో పెడితే ఊళ్లోనే ఉండే నలుగురు ముందుకొచ్చారు, మా ఆటో వాడితో సహా. ఏడాదికోసారి రేకులు, నెలకోసారి కుళాయిలు వాళ్లు చూస్తారు. దానికి విడిగా కొంత బ్యాంకులో వేస్తున్నాం. ప్రజాప్రతినిధుల పేర్లు ఫలకం మీద ఉండవని పంచాయతీలో చెప్పేశాం. ఓపెనింగ్‌కి పిలుస్తాం, కుర్చీ వేస్తాం, అంతవరకే. ఇద్దరు అలిగారు. పర్వాలేదు.

నల్లరాయి గారూ, పైన వంటావిడ పేరు, ఆవిడ చేసిన పని, సంవత్సరాలు. కింద బ్యాచ్ పేర్లు అక్షరక్రమంలో, అంకెలు లేకుండా. ఆఖర్న నిర్వహణ చూసే నలుగురి పేర్లు. ఎంత రాయి కావాలి?

నల్లరాయి (ప్రకాశం జిల్లా):

నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు సరిపోతుంది. పేర్లన్నీ తెలుగులో టైపు చేసి పంపండి, చేతిరాత ఫోటో పంపకండి, వత్తుల దగ్గర పొరపాట్లు వస్తాయి. స్టిక్కరు కత్తిరించే ముందు నమూనా పంపుతాను. బ్యాచ్‌లో ఒక్కొక్కరూ తమ పేరు తామే చూసుకుని సరే అనాలి. అమ్మగారి పేరు మాత్రం ఇసుకతో కొట్టించను. అది నాన్నగారి ఉలితో నేనే చెక్కుతాను, దానికి కూలి లేదు.